ఏజెన్సీ అంటే ఏంటి?



హాస్టల్‌లో చేరిన మొదటి వారంలో మనలో చాలామందికి ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "మీది ఏ ఊరు?" అని అడుగుతారు. ఊరి పేరు చెప్తే తెలీదు, మండలం చెప్తే తెలీదు. చివరికి "ఏజెన్సీ" అంటే మాత్రం "ఓహో, ఏజెన్సీనా!" అంటారు. ఆ "ఓహో"లో దోమలు, జ్వరాలు, డోలీ మోతలు, పేపర్లో చదివినవన్నీ ఉంటాయి. మన ఊరు మాత్రం ఉండదు.

సిటీ పిల్లలకి ఏజెన్సీ అంటే గ్యాస్ ఏజెన్సీ, ట్రావెల్ ఏజెన్సీ. మనకేమో ఊరు, కొండ, సంత. ఒకే ఇంగ్లీషు మాటకి ఇంత తేడా ఎలా వచ్చిందో కాస్త వెతికి చూశాం.

ఈ మాటకి మూలం లాటిన్‌లోని 'అగెరె'. అంటే చేయడం, నడిపించడం. దాని నుంచే ఏజెంట్ వచ్చింది, అంటే చేసేవాడు. తర్వాత ఇంకొకరి తరఫున పని చేసేవాడు అనే అర్థం బలపడింది. ఏజెంట్ చేసే పని, అతని చేతి కింద ఉండే వ్యవహారం ఏజెన్సీ అయింది.

మన కొండల మీదికి ఇది 1839లో ఎక్కింది. గుంసూరు, పర్లాకిమిడి వైపు తిరుగుబాట్లు జరిగాక కంపెనీ ప్రభుత్వం ఆ ఏడాది 24వ నంబరు చట్టం తెచ్చింది. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల నుంచి, మామూలు చట్టాల నుంచి తప్పించి, కలెక్టర్‌ని గవర్నర్ ఏజెంట్‌గా పెట్టింది. తర్వాత గోదావరి కొండలకీ అదే పద్ధతి వచ్చింది. ఏజెంట్ పాలించే చోటు కాబట్టి ఏజెన్సీ. అంటే ఆ పేరు మన గురించి కాదు, మన మీద కూర్చున్న ఆఫీసరు గురించి! నిజాం ఏలుబడిలో ఉన్న ఆదిలాబాద్ కొండలకి ఆ మద్రాసు చట్టం లేదు. అయినా ఇవాళ ఉట్నూరు వైపు కూడా ఏజెన్సీ అనే అంటున్నాం. మాట అలా పాకింది.

అట్లాగని పేరు తీసి పారేద్దామా? అంత తేలిక కాదు. రాజ్యాంగంలో ఐదో షెడ్యూల్ ప్రాంతం అని రాసి ఉన్నదాన్నే మన పెద్దోళ్ళు ఏజెన్సీ అంటారు. 1959 నాటి ఒకటో రెగ్యులేషన్, దాన్ని గట్టిపరిచిన 1/70 ఉన్నది ఆ హద్దుల్లోనే. అక్కడి భూమి గిరిజనేతరుల పేరు మీదికి మారకూడదని చెప్పేది అవే. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వం కూడా అక్కడి భూమిని ప్రైవేటు గనుల కంపెనీలకి లీజుకివ్వకూడదన్నది. ఇప్పటికీ ఆ భూమి కేసుల అప్పీలు కలెక్టర్ దగ్గరికి పోతే, ఆయన కూర్చునేది ఏజెంట్ హోదాలోనే. గీత అవతల, షెడ్యూల్‌లో చేరని ఊళ్ళలోనూ మనోళ్ళే ఉన్నారు. వాళ్ళకి ఈ రక్షణ లేదు. వాళ్ళనడిగితే తెలుస్తుంది ఈ మాట విలువ.

పీజీలో సోషియాలజీ చదివే మన అన్నలు, అక్కలు ఇంకో అర్థం కూడా చెప్తారు. పుస్తకాల్లో ఏజెన్సీ అంటే మనిషి తన నిర్ణయం తాను తీసుకుని, తాను చేయగలగడం. తెలుగులో కర్తృత్వం అంటున్నారు. అదే మూలం, అదే 'చేయడం'. ఒక అర్థంలో మన తరఫున ఎవరో చేస్తారు. ఇంకో అర్థంలో మనమే చేస్తాం. కొండల పేరులో దిగబడింది మొదటిదే.

రెండోది మనకి కొత్తేం కాదు. పోడు ఎప్పుడు కొట్టాలో, పండగ ఏ రోజు చేయాలో ఊరంతా కూర్చుని తేల్చుకునేది ఏ ఏజెంటూ నేర్పలేదు. 1996 పెసా చట్టం గ్రామసభకి ఇచ్చిన చోటు కూడా అలాంటిదే. భూమి తీసుకునే ముందు గ్రామసభని సంప్రదించాలని అందులో ఉంది. కానీ తీర్మానం కాగితం ముందే రాసి తెచ్చి, సంతకాలు మాత్రం పెట్టించుకుంటే, 1839 పద్ధతికీ దానికీ తేడా ఏముంది?

అందుకని మేము అనుకున్నది ఇది. భూమి, ఉద్యోగం, సర్టిఫికెట్ దగ్గర ఏజెన్సీ అని గట్టిగానే చెప్దాం, అది మన హక్కు. ఎవరైనా ఊరు అడిగితే మాత్రం ముందు ఊరి పేరే చెప్దాం. తెలీదంటే ఏ కొండ కిందో, ఏ వాగు పక్కనో ఓపిగ్గా చెప్దాం. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు గ్రామసభ ఉంటే పోయి కూర్చుందాం. కాగితం పెద్దోళ్ళకి చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకం పెట్టమందాం.