గట్టు ఎవరిది?

మొన్న మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడి కోడ్ రివ్యూ చేస్తూ ఓ చోట ఆగిపోయాను. ఒక ముక్కకి 0 < నెంబరు < 1000, తర్వాతి ముక్కకి 1000 < నెంబరు < 2000 అని రాశాడు. చూడగానే నా పాత పాపం గుర్తొచ్చింది.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేనూ అచ్చం ఇలాగే రాశాను. పింఛన్లు జమచేసే బ్యాచ్ జాబ్ అది. ఖాతాల్ని వరస నెంబర్ల ప్రకారం ముక్కలు చేసి ఒక్కో ప్రాసెస్‌కి ఒక్కో ముక్క అప్పజెప్పాను. టెస్టింగ్‌లో అంతా బ్రహ్మాండం. ఎందుకంటే టెస్ట్ డేటాలో ఉన్నవి 500 ఖాతాలే! లైవ్‌కి వెళ్ళాక 1000, 2000, 3000 నెంబర్ల వాళ్ళకి డబ్బు పడలేదు. ఎర్రర్ రాలేదు, లాగ్‌లోనూ ఏమీ లేదు. ఎవరూ ముట్టుకోని ఖాతాకి లాగ్ ఎక్కణ్ణించి వస్తుంది? పాపం, ఓ పెద్దావిడ మూడుసార్లు ఆఫీసు చుట్టూ తిరిగితే గానీ మాకు తెలీలేదు.

కంగారులో రెండువైపులా ≤ పెట్టబోయాను. మా లీడ్ ఆపకపోతే ఈసారి 1000వ ఖాతాకి రెండుసార్లు పడేది.

పూర్ణసంఖ్యలతో తమాషా ఏంటంటే, 2 నుంచి 12 దాకా అన్నదాన్ని నాలుగు రకాలుగా రాయొచ్చు: 2 ≤ సంఖ్య ≤ 12, 1 < సంఖ్య < 13, 1 < సంఖ్య ≤ 12, 2 ≤ సంఖ్య < 13. నాలుగూ కరెక్టే. 1982లో డైక్‌స్ట్రా ఓ చిన్న నోట్‌లో చివరిదే మేలన్నాడు. లెక్కల భాషలో అది [2, 13). చదరపు బ్రాకెట్ పక్కనున్న అంకె లోపల, గుండ్రటి బ్రాకెట్ పక్కనున్నది బయట. 13లోంచి 2 తీసేస్తే 11, సరిగ్గా అన్ని సంఖ్యలే ఉన్నాయి. తర్వాతి ముక్క [13 దగ్గర మొదలవుతుంది. సందూ లేదు, అతుకూ లేదు. పైథాన్‌లో రేంజ్ పద్ధతి ఇదే. ఎస్‌క్యూఎల్‌లో బిట్వీన్ మాత్రం రెండు కొసల్నీ కలిపేసుకుంటుంది, జాగ్రత్త.

పొలాల్లో గట్టు తగాదాలు చూసినవాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది. గట్టు ఇద్దరిదీ అంటే కొట్లాట, ఎవరిదీ కాదంటే ముళ్ళకంప. "ఎవరి పడమటి గట్టు వాళ్ళది" అనుకుంటే ప్రతి పొలానికీ ఒకటే గట్టు, గొడవే లేదు.

కుర్రాడికి ఆ పెద్దావిడ కథంతా చెప్పాను. పది నిమిషాల్లో తిరిగొచ్చి "≤ పెట్టేశానండీ" అన్నాడు.

"ఎటువైపు?" అన్నాను.