జపాను అన్నం ముందు మామయ్యగారు

మొదటి జీతం అందుకున్న మా అబ్బాయి, తాతయ్యనూ నాయనమ్మనూ బెంగళూరులోని జపాను హోటలుకు తీసుకువెడతానని పట్టుబట్టాడు. నాకు గుండెల్లో రాయి పడింది. మా మామయ్యగారు కల్లూరులో 40 ఏళ్లుగా సోనామసూరి పండిస్తున్న మనిషి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాము 19వ గేటు కొట్టుకుపోయిందని తెలిసి కంటిమీద కునుకు లేకుండా గడిపారు. ఇక పొలం కౌలుకిచ్చేద్దామా అని మావారిని అడగటానికే ఈసారి వచ్చారు. అన్నం మెతుక్కు మెతుకు అంటుకుంటే కంచం పక్కకు నెట్టే ఆయనకు, ముద్దగా ఒత్తిన అన్నం మీద పచ్చిచేప పెట్టి ఇస్తే ఏమంటారో! మనవడి మొహం చిన్నబోతుందేమోనని నా దిగులు.

పచ్చిచేప వంక ఆయన చూడనైనా లేదు. కీరదోసకాయ పెట్టి నల్లటి సముద్రపు నాచు రేకులో చుట్టిన అన్నం ముక్క తీసుకుని, రేకు విప్పి, నాలుగు మెతుకులు వేళ్ల మధ్య నలిపారు, కళ్లంలో గింజ చూసినట్టే.

“పొట్టి గింజ. జిగురు దాని గుణమేలే,” అని నోట్లో వేసుకుని, “పుల్లగా ఉందే!” అన్నారు. వండాక అందులో వెనిగరు, పంచదార, ఉప్పు కలుపుతారు. మన పులిహోరకు దూరపు చుట్టమనుకోవచ్చు.

పక్కనే వసాబి అనే పచ్చటి ముద్ద. గోరంత నాలుకకు రాసుకున్నారో లేదో, ముక్కు అదిరి కళ్లవెంట నీళ్లు! నేను మంచినీళ్లు అందించేలోపే తేరుకుని, “ఒరేయ్, ఇది మన ఆవపిండి కదరా!” అన్నారు. ఆ మాట నిజానికి దూరం కాదు. వసాబి ఆవ కుటుంబపు మొక్కే, ఆ ఘాటూ ఒకటే. చాలా హోటళ్లలోనైతే అసలు వసాబికి బదులు హార్స్‌రాడిష్ అనే దుంపతో ఆవపిండి కలిపి, పచ్చరంగు వేసి పెడతారు.

ఆ రోజు శనివారం, అత్తయ్యగారికి నీచు కూడదు. మిసో సూపులో ముక్కలేవీ కనిపించకపోయినా ఆవిడ గిన్నె ముట్టుకోకుండా, “ఇందులో చేప ఉందా బాబూ?” అని వడ్డించే కుర్రాణ్ణి కన్నడంలో అడిగారు. లేదన్నాడు. ఆవిడ వదల్లేదు. లోపలికెళ్లి కనుక్కుని వచ్చి, ఎండుచేప తురుము మరిగించిన నీళ్లతో కాస్తారని నసిగాడు. శనివారాలు పాటించేవారు సూపుకే కాదు, నంచుకునే పులుసులకు కూడా ఈ ప్రశ్న అడగాలి. అత్తయ్యగారు కూరగాయల టెంపురా తెప్పించుకుని ఉప్పద్దుకు తిన్నారు. పలచటి పిండిలో ముంచిన బజ్జీలే అవి, నూనె పీల్చలేదని ఆవిడ మెచ్చుకున్నారు కూడా.

బిల్లు చూసి మామయ్యగారు, “అయిదు బస్తాల వడ్లు,” అన్నారంతే. మనవడు నవ్వాడు. వాడికి వడ్ల ధర తెలియదు.

కౌలు సంగతి ఇంకా తేలలేదు. మర్నాడు రాయచూరు బస్సెక్కే ముందు మాత్రం మనవణ్ణి పక్కకు పిలిచి, “ఆ పొట్టి గింజ ఎన్నాళ్ల పంటో, నీళ్లెన్ని కావాలో కనుక్కుని ఫోను చెయ్యరా,” అన్నారు.