తొమ్మిదో గుంత దగ్గర ఆగాం

గోల్ఫ్ ఆడటానికి కూడా యాత్ర చేస్తారా అని నవ్వుకోకండి. మా అత్తగారూ అలాగే నవ్వారు. "తిరుపతో శ్రీశైలమో అయితే పుణ్యమన్నా వచ్చేది కదే!" అన్నారు. 2019 ఫిబ్రవరిలో మావారూ, ఆయన ముగ్గురు స్నేహితులూ బెంగళూరు, ఊటీ, కొడైకెనాల్‌లలో ఆడి రావాలని ప్లాను వేశారు. మేం నలుగురు ఆడవాళ్ళం షాపింగ్ పేరు చెప్పి బయల్దేరాం.

నా అసలు కారణం వేరు. అంతకు ఏడాది ముందే మావారి గుండెకి స్టెంటు వేశారు. "వెళ్ళండి, కానీ ఆయాసం వస్తే వెంటనే ఆగిపోవాలి" అన్నారు డాక్టరుగారు. ఆగడమనేది మావారికి పుట్టుకతో లేని గుణం! అందుకే నేను వెంటపడ్డాను.

ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెబుతాను. మొత్తం 18 గుంతలు. ఒక్కో గుంతలో బంతి వెయ్యటానికి ఇన్ని దెబ్బలని ఒక లెక్క ఉంటుంది, దాన్నే పార్ అంటారు. ఎన్ని తక్కువ దెబ్బల్లో వేస్తే అంత గొప్ప. 18 గుంతలూ పూర్తిచేస్తే ఏడెనిమిది కిలోమీటర్ల నడక అవుతుంది. మావారు మామూలుగా ఆడేది గోల్కొండ నయాఖిల్లాలో. చుట్టూ పాత కోటగోడలు. దాదాపు 90 అడుగుల చుట్టుకొలత ఉన్న 'హాథియాన్ కా ఝాడ్' అనే బావోబాబ్ చెట్టు కూడా ఆ ఖిల్లాలోనే ఉంది.

మొదటి మజిలీ బెంగళూరు. అక్కడి గోల్ఫ్ క్లబ్ 1876 నాటిది. ఊరి నడిబొడ్డున పెద్ద పెద్ద చెట్లు, బయట ఆగని హారన్ల మోత. అక్కడ బలంగా కొట్టినవాడి కంటే తిన్నగా కొట్టినవాడిదే పైచెయ్యి. మావారు బలమంతా పెట్టి కొట్టిన బంతి చెట్టుకి తగిలి మళ్ళీ ఆయన దగ్గరికే వచ్చింది. అందరం పడీపడీ నవ్వాం.

మర్నాడు పొద్దున్నే టెంపో ట్రావెలర్‌లో మైసూరు మీదుగా ఊటీకి బయల్దేరాం. బండీపూర్ అడవి దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాల్ని వదలరు. అది చూసుకుని బయల్దేరండి.

ఊటీ ఎత్తు సుమారు 7,350 అడుగులు. మైదానం అంటే చదునుగా ఉంటుందనుకున్నాను. అంతా ఎగుడుదిగుళ్ళే! పక్కనే పసుపుపచ్చ పూలు పూసిన ముళ్ళపొదలు. బంతి అందులో పడిందా, ఇక దాని మీద ఆశ వదులుకోవాల్సిందే. అంత ఎత్తులో గాలి పలచన గనక బంతి ఎక్కువ దూరం పోతుందట. మగవాళ్ళు ఒకటే సంబరపడిపోయారు. నాకు మాత్రం బంతికి మేలు చేసిన గాలి మనిషికి చెయ్యదు కదా అనిపించింది.

తక్కిన ముగ్గురూ బజారుకి పోతుంటే, "నేను రాను వదినా, నడుస్తాను" అని ఆయన వెంటే ఉండిపోయాను. ఆరో గుంత దగ్గర ఆయన మాటలు తగ్గాయి. ఎనిమిదో దగ్గర నడుమ్మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డారు. "ఏవండీ, ఇక చాలు" అనాలని నోటిదాకా వచ్చింది. స్నేహితుల ముందు అంటే చిన్నబుచ్చుకుంటారని మింగేశాను. చేతిసంచీలో మాత్రల డబ్బా మాత్రం గట్టిగా పట్టుకున్నాను.

తొమ్మిదో గుంతలో బంతి వేసి, ఆయనే కేడీ కుర్రాడికి కర్ర ఇచ్చేశారు. "మీరు కానివ్వండిరా, నాకు ఇవాళ్టికి ఇంతే" అన్నారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఇద్దరం ఒక చెట్టు కింద కూర్చుని, నేను తెచ్చిన వేయించిన అటుకులు తిన్నాం. "భయపడ్డావా?" అనడిగారు. "లేదే!" అన్నాను. ఇద్దరికీ అబద్ధమని తెలుసు.

కొడైకెనాల్ క్లబ్ 1895లో పెట్టింది. అక్కడ అడవిదున్నలు మేతకొస్తాయి. అవి ఉంటే దూరంగా ఆగి, వాటంతట అవి కదిలేదాకా చూడాల్సిందే. అంతటి పెద్ద జంతువుని తొందరపెట్టేదెవరు? మావారు అక్కడ ముందే తొమ్మిది చాలనేశారు. మిగిలిన టైములో నాకు బంతిని మెల్లగా గుంతలోకి తొయ్యడం నేర్పారు. పదకొండుసార్లు తప్పాను. పన్నెండోసారి పడింది!

మీరూ వెళ్తే క్లబ్బుల్లో ముందుగా అనుమతి తీసుకోండి. కాలరున్న చొక్కాలు, పట్టుండే బూట్లు, స్వెటరు, మంచినీళ్ళు మరిచిపోకండి. మందులు సూట్‌కేసులో కాదు, చేతిసంచీలో ఉండాలి. మీవారు ఆడుతుంటే ఒక్కరోజైనా పక్కన నడవండి.

ఊటీలో మావారు స్కోరు రాసుకున్న కార్డు మా బీరువాలో ఉంది. సగం ఖాళీ. ఆయన పెద్ద చెత్తలో పడేయబోతే నేనే తీసి దాచాను.