ఒక్క పగటి మజిలీ

చుట్టాలు వచ్చి నాలుగు రోజులుంటే వారికి ఏమి చూపాలా అన్న చింత ఉండదు. ఒకనాడు గుడి, ఒకనాడు సంత, మిగిలిన రోజుల్లో అరుగుమీద కబుర్లతోనే పొద్దుపోతుంది. పొద్దున దిగి సాయంకాలానికి బండి ఎక్కేవారితోనే చిక్కంతా. హోసూరులో ఉండేవారికి యీ చిక్కు బాగా తెలుసు. మన వూరు చూడాలని బయలుదేరేవారు తక్కువ. బెంగుళూరు నుంచి తిరుపతికో, అరుణాచలానికో పోతూ, దారిలో ఉన్నాము గదా అని మనల్ని పలకరించేవారే ఎక్కువ.

అమెరికాలో ఉంటున్న మా మేనల్లుడొకడు నిరుడు భార్యాబిడ్డలతో కరిబియన్ సముద్రంలో విహారనౌక ఎక్కాడు. ఓడ ఆగే దీవులలో డొమినికా ఒకటి. దాని ముఖ్యపట్టణం పేరు రోజో. ఓడ ఊరి ముంగిట్లోనే ఆగుతుందట. ఆ దేశం మొత్తానికి జనాభా డెబ్బైవేలకు అటూఇటూ. మన హోసూరులోనే అంతకంటె ఎక్కువమంది ఉన్నారు. ఉదయం ఎనిమిదింటికి దిగి సాయంకాలం నాలుగున్నరకు తిరిగి ఓడలో ఉండాలి. ఆ ఒక్క పగటికోసం మావాడు మూడు వారాలు కాగితాలు ముందేసుకొని లెక్కలు కట్టాడు. ట్రఫాల్గర్ జలపాతాలకు పోవాలా, ఊరి వెనుక మోర్న్ బ్రూస్ గుట్ట ఎక్కి రేవును చూడాలా? 1979లో డేవిడ్ తుపానుకు మహావృక్షం కూలి ఒక బస్సు నలిగిపోయిందట. ఆ బస్సును అక్కడి బొటానికల్ తోటలో చెట్టుకిందే ఉంచేశారు. పిల్లలకు అది చూపాలా?

అతను చెప్పినవాటిలో నాకు పట్టుబడ్డ సంగతి ఒకటుంది. ఓడవారు ఏర్పాటుచేసిన బండిలో వెళ్ళి ఆలస్యమైతే ఓడ కాచుకొని ఉంటుంది. సొంతంగా బండి మాట్లాడుకొని వెళ్ళి ఆలస్యమైతే కాచుకోదు. అందుచేత లెక్క పొద్దుటినుంచి ముందుకు వేయరాదు, సాయంకాలంనుంచి వెనక్కు వేసుకు రావాలి. ఓడ గడియారానికీ దీవి గడియారానికీ ఒక్కొక్కప్పుడు గంట తేడా కూడా ఉంటుందట. నమ్మవలసింది ఓడ గడియారాన్నే.

ఇక్కడ వొక మాట. ఆ డొమినికాకు ఉత్తరాన గ్వాడెలూప్, దక్షిణాన మార్టినిక్ దీవులున్నాయి. పుదుచ్చేరి, కారైకాలు రేవులనుంచి చెరకు తోటల కూలికి మనవారిని మోసుకుపోయిన మొదటి ఓడలు 1853లో మార్టినిక్‌నూ, 1854లో గ్వాడెలూప్‌నూ చేరాయి. అలా వెళ్ళినవారిలో ఎక్కువమంది తమిళులు, కొందరు తెలుగువారు. సాయంకాలం నాలుగున్నరకు తిరిగి ఎక్కే ఓడ వారికి లేదు. చాలామంది అక్కడే మిగిలిపోయారు.

సరే, మన మజిలీకి వస్తాను. మా మేనత్త యీ సంక్రాంతి దాటిన తర్వాతి శుక్రవారం వస్తున్నది. వయస్సు 79. అరవై ఏళ్ళకు దగ్గరగా ఉంటుంది, ఆమె మొరసునాడు వదలి కృష్ణాజిల్లాకు కోడలై వెళ్ళి. కొడుకులిద్దరు, కోడళ్ళు, మనుమలు అంతా కలిసి పదిమంది, ఒక వ్యాను. శనివారం పొద్దున తిరుమలలో మూడువందల రూపాయల దర్శనం టిక్కెట్లు తీసి పెట్టుకొన్నారు. ఆ టిక్కెట్టే మన ఓడ. కృష్ణగిరినుంచి తిరుపతి నాలుగైదు గంటల దారి, మధ్యలో పిల్లలు, టీలు. కావున నాలుగింటికి కృష్ణగిరి దాటవలె. బెంగుళూరునుంచి వారు మా గుమ్మంలో దిగేసరికి ఎనిమిది. చేతిలో ఉన్నవి ఎనిమిది గంటలు. అందులో హోసూరునుంచి కృష్ణగిరికి యాభై కిలోమీటర్ల దారి ఒక గంట తినేస్తుంది. భోజనానికి ఒకటిన్నర గంట. ముసలామె ఎక్కి దిగడాలకు ఒక గంట వదిలేయాలి. మిగిలేది నాలుగున్నర గంటలు.

పెద్దబావ ఫోనులో పెద్ద జాబితా చదివాడు. కృష్ణగిరి కోట, రాయకోట, డ్యాము, మ్యూజియం, చంద్రచూడేశ్వరుని గుడి, రాజాజీ పుట్టిన ఇల్లు, చివరకు మామిడితోటలు. జనవరిలో మామిడికి పూతే గాని కాయ ఎక్కడిది! తోతాపురి, నీలం, సెందూరం రుచి చూడాలంటే వైశాఖ జ్యేష్ఠాల్లో రావలసిందని చెప్పాను. మ్యూజియానికి శుక్రవారం సెలవు. అదీ పోయింది. అందులోని వీరగల్లులు పిల్లలు చూస్తే బాగుండేదని నాకు మనసులో పీకుతూనే ఉన్నది.

కోట సంగతి వేరు. సయ్యద్ బాషా కొండమీది ఆ కోట 1792 శ్రీరంగపట్టణం సంధిదాకా మైసూరు సుల్తానుది. ఆ సంధితో బారామహలు సీమ ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. కర్నల్ రీడ్ కింద యీ సీమలో పన్నులు కట్టే పని నేర్చుకొన్న కుర్ర అధికారే థామస్ మన్రో. తర్వాత 1800లో దత్తమండలాలకు కలెక్టరై వెళ్ళాడు. తిరుమలలో మన్రో గంగాళం అంటే ఆయన పేరే. మా బావలు మర్నాడు ఆ కొండకే పోతున్నారు గనుక యీ కథ వ్యానులో చెప్పవచ్చు. కోట ఎక్కడం మాత్రం గట్టి మోకాళ్ళున్నవారి పని. రాయకోటకూ అంతే. కోటలు రెండూ కిందినుంచి చూడవలసినవే అని తీర్మానించాను.

రాజాజీ 1878లో పుట్టిన తొరపల్లి హోసూరుకు దగ్గరే, ఇంటిని స్మారకంగా ఉంచారు. ఆ పేరు వినగానే పెద్దబావ, "ఆయనింటికి మేమెందుకయ్యా?" అన్నాడు. 1952 డిసెంబరులో పొట్టి శ్రీరాములుగారు కన్నుమూసినప్పుడు మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీయే. ఆ కోపం ఆంధ్రులకు ఇంకా ఆరలేదు. నాకైతే, మన మట్టిలో పుట్టి గవర్నరు జనరలు దాకా ఎదిగిన మనిషి ఇల్లు ఎంత చిన్నదో పిల్లలు చూడాలని ఉన్నది. వాదన పెట్టుకొంటే పావుగంట పోతుందని ఊరకున్నాను.

డ్యాము ఉంచాను. కృష్ణగిరి డ్యాము 1957లో కామరాజు నాడార్ తెరిచినది. 2017లో దాని తలుపొకటి విరిగి నీరు వృథాగా పోయిన సంగతి పాఠకులకు జ్ఞాపకముంటుంది. దక్షిణ పినాకిని నందికొండల వైపు పుట్టి, బెంగుళూరు మురికి కలుపుకొని, కెలవరపల్లి దగ్గర నురుగులు కక్కి, ఇక్కడికి వచ్చేసరికి కాస్త తేరుకొంటుంది. గట్టుమీద వేయించిన చేపల వాసనకు బావలు నిలవలేరు గాని, మర్నాడు కొండకు పోయేవారు గనుక వాసనతోనే సరిపెట్టుకోవాలి.

ఇంత లెక్కా అయ్యాక మా అమ్మ అన్నది: "ఇదంతా పిలకాయలకు. మీ అత్త దేనికి వస్తాందో అడిగితివా?"

అడిగాను. అత్తయ్యకు కోటా వద్దు, డ్యామూ వద్దు. శూలగిరి దగ్గర తను పుట్టిన వూరు, అక్కడ మిద్దె, వెనుక బావి, ముందు చింతచెట్టు. అంతే. ఆమె చివరిసారి అక్కడికి వచ్చింది 1998లో, మా నాయన పోయినప్పుడు.

ఆ ఇల్లు ఇప్పుడు మాది కాదు. గత నెల వొక ఆదివారం బస్సెక్కి వెళ్ళి చూచి వచ్చాను. రోడ్డు వెడల్పు చేసినప్పుడు చింతచెట్టు పోయింది. బావి పూడ్చి పైన గది కట్టుకొన్నారు. పెరట్లో ఎడ్లు నీళ్ళుతాగే రాతితొట్టి మాత్రం ఉన్నచోటే ఉన్నది. ఇప్పుడున్న ఇంటాయన మంచివాడు. "అవ్వను పిల్చుకొని రండి సార్, కాఫీ తాగి పోదురు" అన్నాడు.

ఇంట్లో దీనిమీద రెండు పక్షాలు. చెప్పవద్దు, రానీ, వచ్చి చూస్తే తనే తెలుసుకొంటుంది అని అమ్మ. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషిని వాకిట్లో నిలబెట్టి ఏడిపించడమెందుకు, ముందే చెప్పమని నా భార్య. నేను భార్య పక్షం. ఆమెకున్న పగలు ఒక్కటే. లేని బావికోసం వెతుక్కొంటూ అది గడిచిపోరాదు. ఫోను చేసి ఉన్నదున్నట్లు చెప్పాను. అవతల కాసేపు మాట లేదు.

"పూడిస్తే పూడిచిరి పోరా నాయనా. నేనేమన్నా నీళ్ళు చేదేదానికి వస్తాండానా? ఆడ రొంతసేపు నిలబడితే సాలు" అన్నది.

అరవై ఏళ్ళు కృష్ణాతీరాన ఉండికూడా అత్తయ్య మాట మారలేదు. ఆమె కొడుకులు మాత్రం మా మాట వింటే అది తమిళమా కన్నడమా అని ఎకసక్కెమాడతారు. 1960 ఏప్రిల్‌లో సరిహద్దు సర్దినప్పుడు కృష్ణగిరి తాలూకానుంచి కొద్ది గ్రామాలు ఆంధ్రకు పోయాయి. మనం ఇటే ఉన్నాము. 2006 చట్టంతో బడిలో ఒకటో తరగతినుంచి తమిళం తప్పనిసరైంది. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి తెలుగు అక్షరాలు రాత్రిపూట యీ పత్రికతోనే దిద్దించాను. హైదరాబాదులో చదువుతున్న బావల పిల్లలకు ఇంగ్లీషే నోట్లో నలుగుతుంది. అందుచేత శూలగిరి దారిలో మా అమ్మాయిని అత్తయ్య పక్కన కూర్చోబెట్టి, ఊళ్ళ పేర్లూ, గుట్టల పేర్లూ, పొలాల పేర్లూ అవ్వ చెబుతుంటే నోటుబుక్కులో తెలుగున వ్రాయమన్నాను. ఆ పేర్లు అన్నీ తెలిసినవారు మా వంశంలో ఇక ఆమె ఒక్కతే.

చివరకు తేలిన లెక్క ఇది. ఎనిమిదింటికి ఇడ్లీ, కాఫీ. తొమ్మిదికి చంద్రచూడేశ్వరుడు, మరకతాంబ. పైదాకా బండి పోతుంది, మెట్ల బాధ లేదు. పదింటికి మా ఇంట్లో అన్నాలు మూటగట్టి బయలుదేరడం. పదకొండునుంచి ఒంటిగంటన్నరదాకా పుట్టినూరు. ఆ రెండున్నర గంటలలో నిమిషం కోయడానికి వీల్లేదని బావలకు ముందే చెప్పాను. భోజనం ఆ ఇంటి ముందరి పందిరికింద. రెండున్నరకు డ్యాము. ఆలస్యమైతే కోయవలసింది డ్యామునే. నాలుగుకు వ్యాను కృష్ణగిరి దాటుతుంది. కృష్ణగిరికి 1941లో చిన్నరైలు ఎత్తేశాక మళ్ళీ రైలు రాలేదు గనుక, వ్యాను చెడితే బస్సు తప్ప గతి లేదు. డ్రైవరుకు టైర్లు చూచుకొని రమ్మని కబురు పెట్టాను.

మొన్న అత్తయ్యే మళ్ళీ ఫోను చేసింది. నా భార్య ఏమి వండాలని అడిగితే, "అన్నం వొండొద్దమ్మా, ఆడ దినామూ తింటానే ఉండా. సంగటి చెయ్యి. పితికిపప్పు పులుసు చెయ్యి" అన్నది. సంగటి మూటగట్టి తీసుకుపోతే చల్లారి రాయవుతుంది. రాగిపిండి, గిన్నె, తెడ్డు తీసుకుపోయి అక్కడే కెలకాలి. ఇంటాయనను పొయ్యి అడిగాను, సరేనన్నాడు. అనపగింజలు బుధవారం సంతలో తెచ్చి, గురువారం పగలంతా నానబెట్టి, రాత్రి అందరం కూర్చొని పితకాలి. పదకొండుమందికి రెండు శేర్లు చాలవేమోనని అమ్మ మూడు శేర్లు చెప్పింది.