గుండె సంచి నుంచి గుండె కవాటం

టిష్యూ వాల్వు, అంటే జంతు కణజాలంతో చేసే గుండె కవాటం, తయారీ కబేళా దగ్గర మొదలవుతుంది. ఆవు గుండె చుట్టూ ఉండే పలుచని సంచిని, అంటే పెరికార్డియాన్ని, పశువును కోసిన వెంటనే వేరుచేసి చల్లటి సెలైన్‌లో ఉంచి కార్యశాలకు పంపుతారు. పిచ్చి ఆవు వ్యాధి భయం ఉన్న చోటి పశువులు పనికిరావు. ఏ సంచి ఏ మంద నుంచి వచ్చిందో తెలిపే కాగితం చివరి సీసా దాకా దాని వెంటే ఉంటుంది. నేను చూసిన కార్యశాలలో మొదటి గది పని ఏ ఆర్భాటమూ లేనిది: కొవ్వు గీకడం, కడగడం, వెలుతురు మీద పరిచి మచ్చలూ రక్తనాళాల జాడలూ వెతకడం. ఎందుకూ పనికిరాదని పక్కన పెట్టేదే అక్కడ ఎక్కువ.

ఇంత ఏరివేత ఎందుకో కవాటం చేసే పనిని బట్టి తెలుస్తుంది. బృహద్ధమని మొదట్లో ఉండే కవాటానికి మూడు రెక్కలు. రోజుకు సుమారు లక్ష సార్లు అవి తెరుచుకుని మూసుకుంటాయి. తెరుచుకున్నప్పుడు రక్తానికి అడ్డు రాకుండా మెత్తగా వంగాలి. మూసుకున్నప్పుడు దాదాపు 80 మిల్లీమీటర్ల పాదరస పీడనాన్ని చిరగకుండా మోయాలి. వంగేటప్పుడు మెత్తన, లాగేటప్పుడు గట్టి. ఈ రెండు గుణాలూ పెరికార్డియంలోని కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగుల్లో ఉన్నాయి. అవి అలలుగా ముడుచుకుని ఉంటాయి కనుక కొంత దూరం సులువుగా సాగి, ముడతలు విప్పుకోగానే బిగుసుకుంటాయి. 1960లో ఆల్బర్ట్ స్టార్, లోవెల్ ఎడ్వర్డ్స్ తెచ్చిన లోహపు పంజరం, బంతి వాల్వుకు ఈ మెత్తదనం లేదు. గట్టి వాల్వుల మీద రక్తం గడ్డకడుతుంది. అందుకే అవి పెట్టించుకున్నవారు జీవితాంతం రక్తం పలుచబరిచే మాత్రలు వేసుకోవాలి.

రెండో గదిలో ఘాటైన వాసన వస్తుంది. అది గ్లూటరాల్డిహైడ్‌ది. శుభ్రం చేసిన పొరలను చట్రాల మీద పరిచి, నూటికి ఒక వంతు కూడా లేని పలుచటి ద్రావణంలో నానబెడతారు. ఈ పద్ధతి వెనక ఒక వైఫల్యం ఉంది. పారిస్‌లో అలాన్ కార్పాంతియే, జాన్-పాల్ బినే 1965లో పంది కవాటాలను మనుషులకు అమర్చారు. కవాటాలు పనిచేశాయి గానీ ఎక్కువ కాలం నిలవలేదు. పరాయి కణజాలాన్ని శరీరం సహించలేదు. కార్పాంతియే శస్త్రచికిత్స గదిని వదలకుండానే రసాయనశాస్త్రం చదివి, 1968 నాటికి గ్లూటరాల్డిహైడ్‌కు చేరాడు. తోళ్లు ఊనడానికి కూడా వాడే రసాయనమే అది. కొల్లాజెన్ పోగుల మధ్య అడ్డంగా బంధాలు వేసి పొరను గట్టిపరుస్తుంది, శరీరం పరాయిదని గుర్తుపట్టే గుణాన్ని చాలావరకు అణచివేస్తుంది, సూక్ష్మక్రిములనూ చంపుతుంది.

పంది కవాటాన్ని ఉన్నది ఉన్నట్టు వాడాల్సిందే. పెరికార్డియం అలా కాదు, కావలసిన ఆకారంలో కత్తిరించుకోవచ్చు. ఇంగ్లండులోని లీడ్స్‌లో మారియన్ ఇయనెస్కు 1971లో దానితో వాల్వు చేశాడు. ఆ తొలితరం వాల్వుల రెక్కలు కొన్నేళ్లకు కుట్టు పడిన చోట చిరిగేవి. పొర బలంగానే ఉంది, తప్పు సూది దిగిన స్థలానిది. అందుకే తర్వాతి నమూనాల్లో ఒత్తిడి ఎక్కువగా పడే మూలల నుంచి కుట్టును తప్పించారు. వాల్వు రూపకల్పన అనేదానిలో సగం ఈ కుట్ల పంచాయితీయే అని నాకు అనిపించింది.

కత్తిరించే బల్ల దగ్గర ముందు మందం కొలుస్తారు. శస్త్రచికిత్సతో పెట్టే వాల్వుకు అర మిల్లీమీటరుకు అటూ ఇటూ, ఛాతీ కోయకుండా గొట్టం ద్వారా పంపే వాల్వుకు అంతకన్నా పలుచన. పోగులు రెక్క అంచు వెంట అడ్డంగా సాగేలా పొరను తిప్పి కోస్తారు. మూడు రెక్కలూ మందంలోనూ వంగే తీరులోనూ సరిపోవాలి. ఒకటి బిరుసుగా ఉంటే మిగతా రెండింటి మీద భారం పడుతుంది.

కుట్టే హాలు మాత్రం దర్జీల కొలువులా నిశ్శబ్దంగా, వరుసలుగా ఉంది. ఎక్కువమంది ఆడవాళ్లు. సూక్ష్మదర్శిని కింద, లోహపు చట్రానికి చుట్టిన పాలిస్టర్ గుడ్డకు రెక్కలను చేతితోనే కుడతారు. ఒక్కో వాల్వుకు వందల కుట్లు. ఇంత మెత్తని తడి పొరను ఏ రెండుసార్లూ ఒకేలా ఉండని చోట పట్టుకోవడం యంత్రాలకు కష్టం.

తర్వాతి గదిలో మన్నిక పరీక్ష కోసం వాల్వులు ద్రవంలో టకటక కొట్టుకుంటూ ఉంటాయి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం మెత్తని రెక్కల వాల్వు 20 కోట్ల సార్లు తెరుచుకుని మూసుకోవాలి, అంటే గుండెలో సుమారు 5 ఏళ్ల పని. గట్టి వాల్వుకు 40 కోట్లు. యంత్రం వేగం పెంచి దీన్ని నెలల్లో ముగిస్తుంది. అయితే ఈ పరీక్ష అరుగుదలనే చూపిస్తుంది. అసలు శత్రువు కాల్షియం, అది ఆ ద్రవంలో కనబడదు. అందుకే పిల్ల గొర్రెల్లో అమర్చి చూస్తారు.

కాల్షియం సమస్యకు మూలం ఆ రెండో గదిలోనే ఉంది. గ్లూటరాల్డిహైడ్ చంపిన కణాల పొరల్లో మిగిలిన ఫాస్ఫోలిపిడ్లనే కొవ్వులూ, బంధంలో చేరకుండా మిగిలిన ఆల్డిహైడ్ కొసలూ కాల్షియాన్ని పట్టుకుంటాయి. కొన్నేళ్లకు రెక్క రాయిలా బిరుసెక్కుతుంది, లేదా చిరుగుతుంది. ఆల్కహాల్‌తో కొవ్వులు తీయడం, ఆల్డిహైడ్ కొసలను మూసేయడం లాంటి ఉపాయాలతో కాలం పెరిగింది. వృద్ధుల్లో వాల్వు 15 ఏళ్ల దాకా నిలవవచ్చు, పిల్లల్లో, యువకుల్లో చాలా త్వరగా పాడవుతుంది.

మన దేశంలో చిక్కు ఇక్కడే. గొంతునొప్పి క్రిమి తెచ్చే రుమాటిక్ జ్వరం వల్ల కవాటాలు పోగొట్టుకునేవారిలో చిన్న వయసువారే ఎక్కువ. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ చౌక వాల్వు చేయబూనినప్పుడు టిష్యూ వాల్వు జోలికి పోలేదు. వాలుగా తిరిగే ప్లాస్టిక్ బిళ్ల వాల్వు చేసి 1990లో తొలిసారి అమర్చింది. కానీ గర్భం దాల్చాలనుకునే యువతి విషయంలో, ఇలాంటి గట్టి వాల్వుకు తప్పని రక్తం పలుచబరిచే వార్ఫరిన్ బిడ్డకు హాని చేస్తుంది, టిష్యూ వాల్వు తొందరగా పోతుంది. ఏ దారీ పూర్తిగా మంచిది కాదు. ఆవు, పంది విషయంలో రోగి నమ్మకాన్ని కూడా డాక్టరు ముందే అడగాలి.

పరాయి జీవి పొర వద్దనుకునే దారీ ఉంది. టోక్యోలో షిగేయుకి ఒజాకి 2007 నుంచి రోగి సొంత పెరికార్డియాన్నే గ్లూటరాల్డిహైడ్‌లో కొద్దిసేపు ముంచి, అక్కడికక్కడే రెక్కలు కత్తిరించి కుడుతున్నాడు. మరో మార్పు ఫ్రాన్స్‌లోని రూవాన్‌లో వచ్చింది. 2002లో అలాన్ క్రిబియే మడిచిన పెరికార్డియం వాల్వును గొట్టం ద్వారా గుండెకు పంపి, ఛాతీ కోయకుండా అమర్చాడు. ఇప్పుడు గుజరాత్‌లోని వాపిలోనూ ఇలాంటి వాల్వులు తయారవుతున్నాయి. మడిచినప్పుడు పొర నలగకూడదు కాబట్టి, పలుచదనం మీద పట్టు ఇంకా పెరిగింది.

చివరి గదిలో పూర్తయిన వాల్వును ద్రావణం నింపిన సీసాలో పెట్టి మూసి, లోపలి వేడి హద్దు దాటితే రంగు మారే చీటీ అతికిస్తారు. గడ్డకట్టినా, అతిగా వేడెక్కినా ఆ వాల్వు వాడరు. ఆపరేషన్ గదిలో దాన్ని తీసి, గ్లూటరాల్డిహైడ్ పోయేదాకా సెలైన్‌లో పదేపదే కడుగుతారు. కుట్టేంతసేపూ రెక్కలు ఎండకుండా ఒకరు సెలైన్ చల్లుతూ ఉంటారు.