లూకా తన పేరు రాసుకోలేదు

లూకా సువార్త వరసగా చెప్పడం మొదలుపెట్టినప్పుడల్లా మా వెల్దుర్తి సంఘంలో ముందు వచ్చే ప్రశ్న ఒకటే. "అయ్యగారూ, ఈ లూకా పన్నెండుమంది శిష్యుల్లో ఎవరు?"

ఎవరూ కాదు. యేసును కళ్ళారా చూసినవాడు కూడా కాదు. ఆ సంగతి ఆయన మొదటి నాలుగు వచనాల్లోనే తెలుస్తుంది. మొదటినుంచి చూసినవాళ్ళు అందించిన సంగతుల్ని జాగ్రత్తగా విచారించి వరసగా రాస్తున్నానని థెయొఫిలకు చెబుతాడు. పేరు మాత్రం రాసుకోలేదు. 24 అధ్యాయాలు గాలించినా లోపల లూకా అన్న పేరు దొరకదు.

మరి పేరెక్కడిది? నేను దీన్ని బోర్డు మీద రాసి చూపిస్తాను. కొలొస్సయులకు, ఫిలేమోనుకు, తిమోతికి పౌలు పేరున వెళ్ళిన పత్రికల్లో లూకా పేరు ఉంది. కొలొస్సయుల పత్రిక ఆయన్ని వైద్యుడంటుంది. అపొస్తలుల కార్యములు రాసిందీ ఈ చేయే. దాని 16వ అధ్యాయంలో అంతదాకా "వాళ్ళు" అంటున్న కథనం ఉన్నట్టుండి "మేము" అవుతుంది. క్రీ.శ. 180 ప్రాంతంలో ఐరేనియస్ అనే క్రైస్తవ రచయిత ఈ సువార్త పౌలు తోటివాడైన లూకాదని రాశాడు. మూడో శతాబ్దపుదిగా చాలామంది పండితులు ఎంచే పపైరస్ ప్రతి ఒకదానిలో సువార్త చివర ఈ పేరే ఉంది. ఇది బలమైన సాక్ష్యం. అయినా ఒప్పుకోని పండితులున్నారు. పౌలు వెంట తిరిగినవాడైతే కార్యముల గ్రంథంలో పౌలు పత్రికలు రాసిన ఊసే ఎందుకెత్తలేదని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దాన్ని జనం దగ్గర దాచను.

మిరప కోతల కాలంలో మా బైబిలు స్టడీ రాత్రిపూటే. పొద్దంతా చేలో ఉన్న ఆడవాళ్ళు, చేతులు మండుతున్నా బైబిలు పట్టుకొని వస్తారు. ఒక రాత్రి మార్కు 5, లూకా 8 పక్కపక్కన పెట్టి చదివించాను. పన్నెండేళ్ళుగా రక్తస్రావంతో బాధపడిన స్త్రీ సంగతి. ఎంతోమంది వైద్యుల చేతుల్లో నానా అవస్థలు పడింది, ఉన్నదంతా ఖర్చుపెట్టింది, రోగం ఇంకా ముదిరింది అంటాడు మార్కు. లూకా అంత దూరం పోడు. ఎవరివల్లా నయం కాలేదంటాడు. ఆమె డబ్బు ఖర్చుపెట్టిందన్న మాట కూడా కొన్ని పాత ప్రతుల్లో లేదు.

వెనక కూర్చున్న పెద్దామె వెంటనే అంది. "ఆయనా డాక్టరే గదా అయ్యగారూ, సాటి డాక్టర్ల మీద ఎందుకు రాస్తాడు?" అందరూ నవ్వారు. నరసరావుపేట, గుంటూరు ఆసుపత్రులకు పొలం అమ్మి కట్టినవాళ్ళు ఆ గదిలో ఉన్నారు. మార్కు రాసింది వాళ్ళకు ఇంకొకరు వివరించక్కర్లేదు.

అయితే ఆయన వైద్యుడనడానికి ఇదొక్కటే రుజువుగా చాలదని చెప్పాను. లూకా చాలాచోట్ల మార్కును కుదించి రాస్తాడు. 1882లో హోబార్ట్ అనే పండితుడు ఈ సువార్త నిండా వైద్యుల మాటలున్నాయని పెద్ద పుస్తకమే రాశాడు. తర్వాత అమెరికా పండితుడు కాడ్‌బరీ, అవే మాటలు వైద్యులు కాని గ్రీకు రచయితలూ వాడారని చూపించాడు. లూకాయే రాశాడని నా నమ్మకం. ఊరికే పేరు తగిలించాలనుకున్నవాళ్ళు పేతురు పేరో యాకోబు పేరో పెట్టేవాళ్ళు గానీ, పత్రికల చివర తప్ప కనిపించని మనిషిని వెతికి పట్టుకోరు.

మా పల్నాడులో ఈ వైద్యుడి మాట త్వరగా మనసుకెక్కడానికి ఇంకో కారణముంది. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్, నడుమ అమెరికా వెళ్ళి వైద్యం చదివి తిరిగొచ్చాడు. 1849లో జ్వరాల సీమ అని పేరుపడ్డ పల్నాడుకు, గురజాలకు చేరాడు. అప్పటికి ఆయనకు యాభై దాటాయి. మందూ వాక్యమూ ఒకే మనిషి చేతిలో ఉండటం ఇక్కడ కొత్త సంగతి కాదు.

మా యువకులకు ఇప్పుడు ఒక పని ఇచ్చాను. నోటుపుస్తకంలో రెండు వరసలు గీసి, మార్కులో ఉండి లూకాలో లేనివీ, లూకాలో మాత్రమే ఉన్నవీ రాసుకురావాలి. తప్పిపోయిన కుమారుడు, మంచి సమరయుడు, జక్కయ్య లూకాలోనే ఉన్నారని తేలేసరికి డిగ్రీ చదివే అమ్మాయి ఒకతె అడిగింది, మరియమ్మ సంగతులన్నీ ఈయనకు ఎవరు చెప్పారని. మరియమ్మే చెప్పిందని చాలామంది ప్రసంగాల్లో అంటారు. ఆమె వాటిని హృదయంలో దాచుకుందని రెండో అధ్యాయంలో రెండుసార్లు ఉంది. అంతవరకే చూపించి, మొదటి రెండు అధ్యాయాలూ మళ్ళీ చదివి వచ్చే వారం తనే చెప్పాలన్నాను.