క్యూర్పీపులో త్రాళ్లు కట్టు స్త్రీలు

మారిషస్ దీవికి పోయివచ్చినవారు తఱుచుగా అచ్చటి సముద్రమును గూర్చియు, తెల్లని యిసుకతిన్నెలను గూర్చియు వ్రాయుదురు. సోదరీమణులకు నేను చెప్పబోవునది సముద్రమే కనబడని యొక గదిలో చూచిన ఓడల సంగతి. క్యూర్పీపు అను పట్టణము దీవి నడుమ సుమారు 550 మీటర్ల యెత్తున నున్నది. తీరమున నెండ మాడ్చుచున్న వేళ ఇచ్చట వాన కురియుచుండుట సామాన్యము. ఆ సంగతి తెలిసియు గొడుగు మఱచి బయలుదేఱి, నిలువెల్ల తడిసి ఆ కర్మశాల గుమ్మము చేరితిమి.

పూర్వకాలపు తెరచాప ఓడల నమూనాలను చేయుట ఈ దీవిలో 1960 దశకము చివర మొదలైన పరిశ్రమ. ఐరోపా సంగ్రహాలయములలో భద్రముగా నున్న నిర్మాణపటములను తెప్పించి, కొలతలు తగ్గించి, టేకు, మహాగని కఱ్ఱలతో వీనిని చేయుదురు. నమూనా యన్నచో పిల్లలాడుకొను బొమ్మ యని తలంపరాదు. పెద్ద యోడ యొక్కటి ముగియుటకు 400 గంటల వఱకు పట్టును. ఓడ కాయమును చెక్కుట, పలకలు తాపుట సాధారణముగా పురుషుల పని. స్తంభములు నిలిపిన పిమ్మట త్రాళ్లు కట్టుట, చాపలు తగిలించుట స్త్రీల పని. మొదటి గదిలో రంపముల రొదయు, కఱ్ఱపొట్టును నిండియున్నవి. రెండవ గదిలో రేకుల కప్పుమీది వానచప్పుడు తప్ప మఱేమియు వినబడలేదు. పొడవైన బల్లవెంబడి ఐదుగురు స్త్రీలు తలలు వంచి కూర్చుండిరి.

చివర కూర్చున్న యామెకు అఱువది యేండ్లుండును. కండ్లజోడు ముక్కు కొనకు జారియున్నది. ఆమె ముందు నిలిచినది ‘విక్టరీ’ అను ఆంగ్లేయుల యుద్ధనౌక. నెల్సను సేనాని 1805లో ట్రఫాల్గరు యుద్ధమున నెక్కినది అదియే. 1765లో నీటిలోనికి దింపిన ఆ యోడను నేటికిని ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ రేవున కాపాడుచున్నారు. దాని నడిమి స్తంభము నీటిమట్టమునుండి 205 అడుగుల యెత్తు. త్రాళ్లన్నియు కలిపి కొలిచినచో సుమారు 26 మైళ్లట! బల్లమీది నమూనా అందు నూఱవ వంతు. ఆ స్తంభము ఇచ్చట రెండడుగులు మాత్రమే.

మాతో వచ్చిన యువకుడు ఆమె మాటాడు క్రియోలు భాషను నాకు విప్పి చెప్పుచుండెను. త్రాళ్లు రెండు జాతులు. స్తంభమును కదలకుండ పట్టి యుంచునవి ఒక జాతి. అసలు ఓడలో వీనికి తారు పట్టింతురు గనుక నమూనాలో నల్లదారము వాడుదురు. చాపలను, అవి వ్రేలాడు అడ్డకొయ్యలను ఎత్తుటకును త్రిప్పుటకును ఉపయోగించునవి రెండవ జాతి. వీనికి గోధుమవన్నె దారము. నూగు అణగుటకై ప్రతి దారమును తేనెమైనపు ముద్దమీద లాగి తీయుదురు. బొంత కుట్టుటకు మా అమ్మమ్మ దారమును మైనముమీద అట్లే లాగుట నాకు జ్ఞప్తికి వచ్చినది.

ప్రక్కత్రాళ్లు కట్టుటలో వరుస తప్పరాదు. ఒక త్రాటిని నడుమకు మడచి, ఉచ్చువలె స్తంభము తలకు తొడిగి, రెండు కొనలను ఓడయొక్క ఒక ప్రక్కకే దింపుదురు. మొదటి జత కుడికి, తరువాతిది ఎడమకు, మరల కుడికి. ఒక ప్రక్కవన్నియు బిగించి రెండవ ప్రక్కకు పోయినచో స్తంభము మొదటివైపునకే ఒరిగిపోవును. కొనలను మూడేసి కన్నులుగల గుండ్రని చెక్కబిళ్లలకు చుట్టి, ఓడయంచున నున్న అట్టి బిళ్లలతో సన్నదారము పోనిచ్చి జతచేయుదురు. ఆ దారము లాగినకొలది ప్రక్కత్రాడు బిగియును. స్తంభము వెనుకకు వ్రాలకుండ ముందునకు పట్టు త్రాడు వేఱుగా నుండును. అడుగున దిమ్మెలో నాటియున్నను ఈ లాగుడులన్నియు సరిపడినగాని అది నిటారుగా నిలువదు.

ఈ ప్రక్కత్రాళ్లకు అడ్డముగా కట్టునవి మెట్టుత్రాళ్లు. నావికులు వీనినే నిచ్చెనగా చేసికొని పైకెక్కుదురు. అసలు ఓడలో మెట్టునకు మెట్టునకు అడుగుకంటె కొంచెము హెచ్చు ఎడముండును. ఇచ్చట ఆ యెడము బియ్యపుగింజలో సగము! ఆమె గీతలు గీసిన కాగితమును వెనుక నిలిపి, ఆ గీతల వెంబడి, ప్రతి త్రాటివద్దను రెండు చుట్ల ముడి వేయుచు పోవుచున్నది. ఒక్క స్తంభమునకే ఇట్టివి వందలు.

“నేనును కట్టెదను” అంటిని. వేలకొలది మల్లెలను మాలకట్టిన వ్రేళ్లు గదా యను గర్వము. ఆమె నవ్వి తన చిన్న పట్టకారు నా చేతికిచ్చినది. ముడి జారునేమో యను భయమున ఒక్కొక్క దానిని గట్టిగా బిగించితిని. అయిదు వరుసలు కట్టునప్పటికి ప్రక్కత్రాళ్లు లోపలికి ఈడ్చుకొనిపోయి, డమరుకపు నడుమువలె సన్నబడినవి. ఆమె ఏమియు అనక, సూదిమొనతో నా ముడులను ఒక్కొక్కటిగా విడదీసినది. నా లాగుడువలన, అంతకుముందు తాను కట్టిన వరుసలును చెడియుండుటచే వానినిగూడ విప్పవలసివచ్చినది. గంటసేపటి పని పాడుచేసితినని నేను నొచ్చుకొనగా, “నాకును మొదటి యేడంతయు ఇట్లే జరిగినది, మదాం. ముడి త్రాటిని పట్టుకొనవలెను, లాగరాదు” అన్నది. నాకు మరల పట్టకారు మాత్రము ఈయలేదు!

అడ్డకొయ్యల సంగతి కొంచెము చెప్పెదను. ఇవి నడుమ లావుగాను, కొనలకు సన్నముగాను ఉండును. పైకి పోయినకొలది పొట్టివగును. గాలివాటునుబట్టి చాపను త్రిప్పవలెను గనుక వీనిని స్తంభమునకు కదలకుండ బిగింపరు; త్రాళ్లతో వ్రేలాడదీయుదురు. వీనికి కావలసిన కప్పీలను, ముడులను బల్లమీదనే కట్టి ముగించి, పిమ్మట పైకెత్తుదురు. ఎత్తిన తరువాత ఆ త్రాళ్లనడుమ వ్రేలు దూఱదు. చాపగుడ్డకు పాతవన్నె వచ్చుటకై పాలు కలుపని తేయాకు కషాయములో ముంచుదురు. ఆ కషాయపు గిన్నె వాసనకు తడిసియున్న మాకందఱకును టీ త్రాగవలెనని బుద్ధిపుట్టినది.

గోడబీరువాలో ముగిసిన ఓడలుండెను. అందు ‘సెంట్ జెరాన్’ 1744లో ఈ దీవి యొద్దనే రాతిదిబ్బలకు తగిలి మునిగిన ఫ్రెంచివారి ఓడ. 1788లో వెలువడిన ‘పాల్, వర్జీనీ’ అను నవలవలన అది లోకప్రసిద్ధమైనది. మిగిలినవియు ఫ్రెంచి ఓడలు, ఆంగ్లేయుల ఓడలు. నేను కాకినాడనుండి వచ్చితినని యువకుడు చెప్పగా ఆమె చేతిపని ఆపినది. “కొరింగి?” అని యడిగినది. గౌతమీ పాయ యొడ్డున నున్న మన కోరంగి రేవునుండి ఓడలెక్కి వచ్చినందున ఈ దీవిలో తెలుగువారికి ఆ పేరు వచ్చినది. చెఱకుతోటల కూలికై 1834 మొదలు భారతీయులను ఇచ్చటికి తెచ్చిరి. 1843లో తెలుగువారిని తెచ్చిన యోడ పేరు ‘కోరంగి పాకెట్’. తనవారును కొరింగీలే యని ఆమె చెప్పినది. ఆమెకు తెలిసిన తెలుగు మాటలు కొన్నియే: ఉగాది, అమ్మోరు, సింహాద్రి అప్పన్న.

“మావారిని తెచ్చిన ఓడ ఇందు లేదు. పటము లేనిదే ఓడ చేయరు” అనినది. నేను బీరువావైపు మఱియొకసారి చూచితిని. “మీ యూరిలో పటము దొరకినచో పంపుడు. త్రాళ్లన్నియు నేనే కట్టుదును. కూలి యక్కఱలేదు.”

వెదకి పంపెదనని మాటయిచ్చితిని. ఇల్లు చేరిన నాటినుండి తాళ్లరేవులో పడవలు కట్టు వృద్ధులను అడుగుచునే యున్నాను. నేను లేచునప్పుడు ఆమె గీతల కాగితము వెనుకవైపు త్రిప్పి, ఆ యోడ పేరు తెలుగున వ్రాసి యిమ్మనినది. వ్రాసితిని. అక్షరములు ఆమెకు రావు. మనుమరాలు పాఠశాలలో తెలుగు నేర్చుకొనుచున్నదనియు, సాయంకాలము చదివించుకొందుననియు చెప్పి, కాగితమును మడచి కండ్లజోడు పెట్టెలో దాచుకొన్నది.